పార్టీని లోపలి నుంచి మార్చాలా, కొత్త పార్టీ పెట్టాలా: బి-ఫారం దగ్గర మొదలయ్యే లెక్క

ఉన్న పార్టీలోనే ఉండి సరిచేద్దామా, బయటికొచ్చి సొంత జెండా ఎగరేద్దామా? ఎన్నికలకు రెండేళ్ల ముందు ఏ జిల్లాకెళ్లినా ఈ చర్చ వినిపిస్తుంది. వాదన సిద్ధాంతాల మీద నడుస్తుంది కానీ తేలేది రెండు కాగితాల దగ్గర.

మొదటిది ఎ-ఫారం. పార్టీ తరఫున అభ్యర్థులను ప్రకటించే అధికారం ఎవరిదో నమూనా సంతకాలతో సహా ఎన్నికల అధికారులకు తెలిపే కాగితం అది. రెండోది బి-ఫారం. ఆ అధికారం ఉన్న వ్యక్తి, ఫలానా నియోజకవర్గంలో ఫలానా మనిషి మా అభ్యర్థి అని రాసిచ్చేది. రెండూ నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు అందాలి. సంతకం సిరాతోనే ఉండాలి. జిరాక్సు, స్కాన్ కాపీ, రబ్బరు ముద్ర చెల్లవు. ఇరవై ఏళ్లు జెండా మోసినా, పాదయాత్రలు చేసినా, ఆ కాగితం చేతికి రాకపోతే ఆయన రెబల్ కిందే లెక్క.

కాబట్టి లోపలి నుంచి మార్చడమంటే ఆ సంతకం పెట్టే చెయ్యి దాకా చేరడం, లేదా ఆ చేతిని మార్చడం. కొత్త పార్టీ అంటే మీ సంతకానికే విలువ తెచ్చుకోవడం. రెండూ కష్టమే, కష్టం ఉన్న చోట్లు వేరు.

ముందు ఒక తెల్లకాగితం

దాని మీద మూడు రాయండి. మీకు కావలసింది ఒక విధాన నిర్ణయమా, టికెట్ల తీరులో మార్పా, అధికారమా? పోలింగ్ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చునే మనుషులు మీకు ఎన్ని బూతుల్లో ఉన్నారు? రెండు ఎన్నికలు ఓడినా నిలబడే డబ్బు, ఓపిక ఉన్నాయా?

మీ బలం రాష్ట్రమంతా పలచగా పరుచుకుని ఉంటే పెద్ద పార్టీలోకి వెళ్లడమే మేలు. పది పదిహేను నియోజకవర్గాల్లో చిక్కగా ఉంటే సొంత పార్టీకి అర్థం ఉంటుంది, కనీసం పొత్తుల బల్ల దగ్గర కుర్చీ దొరుకుతుంది. బలమంతా ఒక్క నాయకుడి ముఖంలోనే ఉంటే పార్టీ త్వరగా లేస్తుంది, మొదటి ఓటమి తర్వాత ఎంతమంది మిగులుతారన్నదే చూడాలి. ఎన్టీఆర్ 1982 మార్చి 29న తెలుగుదేశం ప్రకటించి 1983 జనవరికల్లా 294లో 200 పైచిలుకు స్థానాలు గెలిచారు. కొత్త పార్టీ పెట్టేవాళ్లంతా ఈ తొమ్మిది నెలలనే ఉదాహరణ చూపుతారు. అప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఎదురుగా ఆ స్థాయి ప్రతిపక్షం లేదు, ముఖ్యమంత్రులు వరసగా మారుతున్నారు, ఖాళీ అంత పెద్దది. ఇప్పుడు ఆ ఖాళీ ఉందా అన్నదే అసలు ప్రశ్న.

లోపలి దారి

మొదట పార్టీ నియమావళి సంపాదించండి. పార్టీలు దాన్ని ఎన్నికల సంఘానికి సమర్పిస్తాయి, కాబట్టి రహస్య పత్రమేమీ కాదు. అందులో నాలుగు చోట్ల గీత పెట్టుకోండి: సంస్థాగత ఎన్నికలు ఎన్నేళ్లకోసారి, ఏ స్థాయిలో ఎవరు ఓటర్లు, పోటీకి ప్రతిపాదకులు ఎంతమంది కావాలి, నియమావళిని ఎవరు సవరించగలరు. మూడో గీత దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. కాంగ్రెస్ జాతీయ అధ్యక్ష పదవికి పది మంది పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ) ప్రతినిధులు ప్రతిపాదిస్తే చాలు. బీజేపీలో ఆ పదవికి పదిహేనేళ్ల సభ్యత్వం కావాలి, కనీసం అయిదు రాష్ట్రాల నుంచి ప్రతిపాదన రావాలి. 2025లో తెలంగాణ బీజేపీ అధ్యక్ష పదవికి నామినేషన్ వేయబోయిన రాజాసింగ్, తనకు మద్దతుగా సంతకం పెట్టే వాళ్లను బెదిరించారని ఆరోపించి పార్టీకే రాజీనామా చేశారు. ఎన్నిక ఏకగ్రీవమైంది. ప్రతిపాదకుల సంతకాలు ముందే చేతిలో లేకుండా పోటీ ప్రకటిస్తే ఇలాగే జరుగుతుంది: పేరు బయటపడిన గంట నుంచి ఫోన్లు వెళ్తాయి, సంతకం పెడతానన్నవాళ్ల ఫోన్లు స్విచాఫ్ అవుతాయి.

రెండో పని ఓటర్ల జాబితా. 2022 అక్టోబరులో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. ఓట్ల తేడా కంటే ఆ ముందు నడిచిన వాదన చూడండి: ప్రతినిధుల జాబితా బహిరంగంగా పెట్టాలని కొందరు ఎంపీలు లేఖ రాయాల్సి వచ్చింది, చేతికొచ్చిన జాబితాలో చాలామంది ఫోన్ నంబర్లు లేవని థరూర్ వర్గం చెప్పింది. ఓటరెవరో తెలియని ఎన్నికలో ప్రచారం చేయలేం. అందుకని మీ మొదటి డిమాండు పదవి కాకూడదు, జాబితా కావాలి. దాన్ని కాదనడానికి నాయకత్వం దగ్గర మర్యాదైన కారణం ఉండదు.

సభ్యత్వ నమోదు వచ్చినప్పుడు చాలామంది యాప్‌లో వేల పేర్లు ఎక్కించి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ వివరాలన్నీ పార్టీ సర్వర్‌కు చేరతాయి, మీ దగ్గర ఏమీ మిగలదు. సభ్యుడికి చెప్పి, ఒప్పించి, పేరు, బూత్ నంబరు, ఫోను మీ పుస్తకంలోనూ రాసుకోండి. రేపు మండల కమిటీ ఎన్నిక నిజంగా జరిగితే పనికొచ్చేది ఆ పుస్తకమే.

మండలం మీద గురి పెట్టమనడానికి కారణముంది. పై పదవులు నియామకాలతో నిండుతాయి. కింద, పంచాయతీల్లో, మీకు ఒక వెసులుబాటు ఉంది: మన రెండు రాష్ట్రాల్లో సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. బి-ఫారంతో పని లేకుండా మీ మనుషులు గెలవగలిగేది అక్కడే. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలకు వచ్చేసరికి పార్టీ గుర్తు, బి-ఫారం మళ్లీ ఎదురవుతాయి. ఒక మండలంలో అయిదారుగురు సర్పంచులు మీవాళ్లయితే, ఎంపీటీసీ టికెట్ల దగ్గర నియోజకవర్గ ఇన్‌ఛార్జే మీతో మాట్లాడటానికి వస్తాడు.

ఎక్కడ చెడుతుందంటే, ముఖ్యంగా తీర్మానం దగ్గర. 'నిర్ణయాధికారాన్ని అధ్యక్షుడికి అప్పగిస్తున్నాం' అనే ఒక్క వాక్యంతో ఏడాది శ్రమ పోతుంది. 2022 మేలో ఉదయ్‌పూర్ చింతన్ శిబిరంలో కాంగ్రెస్ ఒక వ్యక్తికి ఒకే పదవి, సగం పదవులు యాభై ఏళ్ల లోపు వారికి అని చెప్పుకుంది. మరుసటేడు ఫిబ్రవరిలో రాయ్‌పూర్ ప్లీనరీ దగ్గర వర్కింగ్ కమిటీకి ఎన్నికలు వద్దు, సభ్యులను అధ్యక్షుడే నియమిస్తారు అని తేల్చారు. సంస్కరణ కోరేవాళ్లు కాగితం మీద తీర్మానం గెలుచుకుని ఇంటికెళ్లిపోతే జరిగేది ఇదే. తీర్మానంతో పాటు తేదీ, అమలు చేసే మనిషి పేరు రాయించాలి.

బహిరంగ లేఖలు ఆఖరి అస్త్రం. 2020 ఆగస్టులో 23 మంది కాంగ్రెస్ నాయకులు సోనియా గాంధీకి రాసిన లేఖ అధ్యక్ష ఎన్నిక ఊసును ముందుకు తెచ్చింది. అందులో పెద్ద పేరైన గులాం నబీ ఆజాద్ రెండేళ్లకు బయటికొచ్చి సొంత పార్టీ పెట్టారు, 2024 జమ్మూకశ్మీర్ ఎన్నికల్లో దానికి ఒక్క సీటూ రాలేదు. లేఖ రాసేవాడికి రాష్ట్రంలో ఓట్లు లేకపోతే అధిష్ఠానం చదివి పక్కన పెడుతుంది.

లోపలి దారిలో గెలిచినట్టు కనిపించే వాళ్లను కూడా దగ్గరగా చూడాలి. రేవంత్‌రెడ్డి 2017 అక్టోబరులో కాంగ్రెస్‌లో చేరి, 2021లో పీసీసీ అధ్యక్షుడై, 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. సీనియర్ల అలకలు, ఢిల్లీ ఫిర్యాదులు అన్నీ దాటుకుని వచ్చిన ఆరేళ్లవి. పార్టీ నాయకుడు మారాడు. పీసీసీ అధ్యక్షుణ్ని ఢిల్లీ నియమించే పద్ధతి మాత్రం మారలేదు, ఆయన ఎదిగిందీ ఆ పద్ధతిలోనే. మీకు కావలసింది నాయకుడి మార్పా, పద్ధతి మార్పా అన్నది ముందే తేల్చుకోకపోతే గెలిచాక కూడా ఓడినట్టే ఉంటుంది. 1995 ఆగస్టులో తెలుగుదేశం ఎన్టీఆర్ నుంచి చంద్రబాబు చేతికి వెళ్లిన తీరు వేరే రకం: అక్కడ సభ్యులతోనో, మహానాడుతోనో పని పడలేదు, ఎమ్మెల్యేల్లో మెజారిటీ ఎటుంటే పార్టీ అటు వెళ్లింది. లోపలి మార్పు వేగంగా జరిగితే శాసనసభాపక్షం నుంచే జరుగుతుంది.

ఒకే కుటుంబం చుట్టూ అల్లుకున్న ప్రాంతీయ పార్టీల్లో ఈ దారి దాదాపు మూసి ఉంటుంది. వైఎస్సార్‌సీపీ 2022 ప్లీనరీలో జగన్‌మోహన్‌రెడ్డిని శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకున్నారన్న వార్తల మీద ఎన్నికల సంఘమే అభ్యంతరం చెప్పింది, శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని. అలాంటి చోట టికెట్ తెచ్చుకోవచ్చు, పని చేయించుకోవచ్చు. పార్టీని మార్చే ఆలోచనతో చేరితే కాలం వృథా.

కొత్త పార్టీ: నమోదు

ఇక్కడ కాగితాల పని చూడ్డానికి సులువు, దాన్నే చాలామంది పాడుచేసుకుంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 29ఎ సెక్షన్ ప్రకారం పార్టీ ఏర్పడిన తేదీ నుంచి 30 రోజుల్లో ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేరాలి. గడువు దాటితే తిరస్కరిస్తారు. సభ పెట్టి, పేరు ప్రకటించి, ఆ ఊపులో రెండు నెలలు యాత్రలు చేసి తర్వాత కాగితాలు చూసుకుందామనుకుంటే మళ్లీ మొదటికొస్తారు. కాగితాలన్నీ సిద్ధమయ్యాకే వ్యవస్థాపక సమావేశం తేదీ వేయండి.

కావలసినవి: 10,000 రూపాయల రుసుము, పార్టీ నియమావళి, ఓటర్లయిన కనీసం 100 మంది సభ్యుల పేర్లు, ఓటరు జాబితాలో వారి వివరాలు, తాము మరే నమోదైన పార్టీలోనూ సభ్యులం కాదని ఒక్కొక్కరి నుంచి నోటరీ చేయించిన అఫిడవిట్. ఈ నూరు మంది దగ్గరే గుట్టు. పాత పార్టీ సభ్యత్వ కార్డు జేబులో పెట్టుకుని సంతకం పెట్టేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. 120 మందిని సిద్ధం చేసుకోండి.

నియమావళిలో రాజ్యాంగం పట్ల, సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్య సూత్రాల పట్ల విధేయత, దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతలను కాపాడతామన్న మాట చట్టం చెప్పిన పదాలతోనే ఉండాలి. సంస్థాగత ఎన్నికలు, పదవీకాలం, అయిదేళ్లలోపు ఎన్నికల్లో పోటీ చేస్తామన్న హామీ కూడా. ఉన్న పార్టీ పేరును పోలినదాన్ని, మతాన్ని, కులాన్ని సూచించే పేరును పెట్టొద్దు. పరిశీలన తర్వాత రెండు జాతీయ, రెండు స్థానిక దినపత్రికల్లో రెండు రోజుల పాటు ప్రకటన ఇచ్చి, 30 రోజులు అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. ఆ ప్రకటనల ఖర్చు రుసుము కంటే చాలా ఎక్కువ, ముందే పక్కన పెట్టుకోండి. మొత్తానికి నెలలు పడుతుంది. ఎన్నికలకు ఏడాది ముందే దరఖాస్తు వెళ్లి ఉండాలి.

నమోదు దొరకగానే పండగ చేసుకోకండి. పోటీ చేయకుండా ఆరేళ్లు కూర్చున్న పార్టీలను 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో మరో 474 జాబితా నుంచి తీసేశారు.

గుర్తు

నమోదైనా గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు. అందరికీ ఒకే గుర్తు కావాలంటే ఉమ్మడి గుర్తు కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి. అసెంబ్లీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ముందొచ్చిన వారికి ముందు. ఏ పార్టీకీ కేటాయించని స్వేచ్ఛా గుర్తుల నుంచి పది ఎంచుకుని వరసలో రాసివ్వాలి, కనీసం 5 శాతం స్థానాల్లో పోటీ చేయాలి. 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో అది తొమ్మిది. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు కూడా అడుగుతారు, లెక్కలు ఇవ్వని పార్టీలు ఇక్కడే ఇరుక్కుంటాయి.

గుర్తు ఎంచుకునేటప్పుడు ఈవీఎం మీద నలుపు తెలుపుల్లో, బొటనవేలంత సైజులో ఎలా కనిపిస్తుందో కాగితం మీద అచ్చేసి, కళ్లజోడు పెట్టుకునే వయసు వాళ్లకు చూపించండి. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో టీఆర్‌ఎస్ అభ్యర్థి 5 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడారు. కారును పోలి ఉందని ఆ పార్టీ మొత్తుకున్న రోడ్డు రోలర్‌కు 27 వేల పైన పడ్డాయి. 2024లో జనసేనకు మరో తలనొప్పి: ఆ పార్టీ పోటీలో లేని కొన్ని చోట్ల దాని గుర్తు గాజు గ్లాసు స్వతంత్రులకు వెళ్లింది, అక్కడ పొత్తు ఓటరు గ్లాసు చూసి నొక్కే ప్రమాదం వచ్చింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది.

గుర్తు రిజర్వు కావాలంటే రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావాలి. దానికి దగ్గర దారులు: అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లతో పాటు ఇద్దరు ఎమ్మెల్యేలు, లేదా 3 శాతం సీట్లు (కనీసం మూడు), లేదా సీట్లు లేకున్నా 8 శాతం ఓట్లు. గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద పది మంది ప్రతిపాదకులు కావాలి, గుర్తింపు ఉంటే ఒక్కరు చాలు. పది సంతకాల్లో ఒక్కటి ఆ నియోజకవర్గ ఓటరుది కాకపోయినా స్క్రూటినీలో ఎగిరిపోతుంది. స్టార్ క్యాంపెయినర్లు మీకు 20 మంది, గుర్తింపు ఉన్న పార్టీలకు 40.

ఎన్ని చోట్ల పోటీ చేయాలి

కొత్త పార్టీలు ఎక్కువగా చచ్చేది ఈ నిర్ణయం దగ్గర. ప్రజారాజ్యం 2009లో దాదాపు రాష్ట్రమంతా పోటీ చేసి 16 శాతం ఓట్లు తెచ్చుకుంది, 294లో వచ్చినవి 18. లోక్‌సత్తాకు అదే ఎన్నికలో కూకట్‌పల్లి ఒక్కటే. జనసేన 2019లో దాదాపు 5.5 శాతంతో రాజోలు ఒక్కటే గెలిచింది, అధ్యక్షుడు రెండు చోట్లా ఓడారు. అదే పార్టీ 2024లో పొత్తులో 21 చోట్లే నిలబడి, 7 శాతం లోపు ఓట్లతో 21కి 21 గెలిచింది. ఓట్లలో తేడా కొద్దిగా, సీట్లలో తేడా ఇరవై. మన పద్ధతిలో రాష్ట్ర సగటుకు విలువ లేదు, నియోజకవర్గంలో మొదటి స్థానానికే విలువ. పెద్ద పార్టీ కూడా దీనికి అతీతం కాదు: 2024లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం ఓట్లు వచ్చినా 175లో దక్కినవి 11.

మొదటిసారి పోటీకి తొమ్మిది నుంచి ఇరవై స్థానాలు చాలు. ఉమ్మడి గుర్తు నిబంధన తీరుతుంది, డబ్బు, మనుషులు పలచబడరు. అన్ని చోట్లా పెడితేనే సీరియస్ పార్టీ అంటారని అభ్యర్థులు ఒత్తిడి తెస్తారు. లొంగితే డిపాజిట్లు గల్లంతవుతాయి: అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 5,000; చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే వెనక్కి. డబ్బు చిన్నదే. మర్నాడు పత్రికల్లో 'అన్ని చోట్లా డిపాజిట్ గల్లంతు' అని వస్తే మాత్రం మిగిలిన కేడర్ కూడా కండువా మార్చుకుంటుంది.

బూతు

ఒక అసెంబ్లీ స్థానంలో సుమారు 250 నుంచి 300 పోలింగ్ కేంద్రాలుంటాయి. ఒక్కో కేంద్రానికి ఒక ఏజెంటు, మార్చుకోవడానికి ఇద్దరు. అంటే 300 కేంద్రాలకు 900 మంది. ఉదయం మాక్ పోలింగ్‌కు హాజరై, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క చూపే 17సి ఫారం కాపీ చేతికి తీసుకునే దాకా కుర్చీ ఖాళీ కాకూడదు. భోజనానికి వెళ్లి తిరిగి రాని ఏజెంట్ల కథలు ప్రతి ఎన్నికలోనూ ఉంటాయి. భోజనం బూతు దగ్గరికే వెళ్లాలి, బండి, రూటు, బాధ్యుడు ముందు రోజే ఖరారు కావాలి. ఆరు నెలల ముందు ఈ 900 పేర్లలో సగమైనా రాయలేకపోతే ఆ స్థానం జాబితాలోంచి తీసేయండి.

లెక్కలు

అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు విడి బ్యాంకు ఖాతా తెరవాలి, 10,000 దాటిన చెల్లింపు నగదుగా చేయకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్క ఇవ్వాలి. ఓడినవాళ్లు దీన్ని గాలికొదిలేసి మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు, వచ్చే ఎన్నికకు మీ బలమైన అభ్యర్థి చేజారేది ఇలాగే. పార్టీ ఖర్చు లెక్క అసెంబ్లీ ఎన్నికల తర్వాత 75 రోజుల్లో, లోక్‌సభకైతే 90 రోజుల్లో. విరాళం 2,000 దాటితే నగదు వద్దు, 20,000 దాటినవి ఏటా నివేదికలో చూపాలి. మొదటి రోజే చార్టర్డ్ అకౌంటెంట్‌ను పెట్టుకోండి.

ఎమ్మెల్యేలు, పొత్తులు, విలీనం

పదవిలో ఉన్న వ్యక్తి కొత్త పార్టీ పెట్టాలంటే ముందు రాజీనామా చేయాలి, లేదంటే ఫిరాయింపులను నిరోధించే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు కింద అనర్హత వేటు పడుతుంది. సభ్యుల్లో మూడో వంతు మంది చీలితే వేటు పడని వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది, మిగిలింది మూడింట రెండొంతుల మందితో వేరే పార్టీలో విలీనమే. రాజీనామాను బలప్రదర్శనగా మార్చుకోవచ్చు: జగన్ 2010లో ఎంపీ పదవి వదిలి, 2011 మేలో కడపలో అయిదు లక్షలకు పైగా మెజారిటీతో తిరిగొచ్చి కొత్త పార్టీకి ఊపు తెచ్చారు. ఆ తర్వాత కూడా అధికారానికి ఎనిమిదేళ్లు పట్టింది.

పొత్తుకు కూర్చునేటప్పుడు సీట్ల సంఖ్య కంటే ముందు పేర్లు అడగండి. '20 సీట్లు' అన్న మాటలో పెద్ద పార్టీ ముప్పై ఏళ్లుగా గెలవని పదిహేను ఉంటాయి. మీ అభ్యర్థి మీ గుర్తు మీదే నిలబడాలి. వాళ్ల గుర్తు మీద గెలిస్తే ఆయన వాళ్ల ఎమ్మెల్యే, వాళ్ల విప్ వర్తిస్తుంది, మీ గుర్తింపు లెక్కలోకి ఆ ఓట్లు రావు. పొత్తులో ఉంటూనే రెబల్‌ను దింపడం పాత విద్య, నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేదాకా మీ మనిషి రిటర్నింగ్ అధికారి కార్యాలయం దగ్గరే ఉండాలి.

విలీనం గురించి నియమావళిలో మొదటి రోజే రాయండి: సర్వసభ్య సమావేశంలో ఎంత మెజారిటీ కావాలి, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పార్టీ నిధి ఎటు పోతుంది. ప్రజారాజ్యం 2011లో, షర్మిల వైఎస్సార్‌టీపీ 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిశాయి. పై నాయకులకు ఢిల్లీలోనో, రాష్ట్రంలోనో పదవులు దక్కాయి. మండల స్థాయి వాళ్లు టీవీలో చూసి తెలుసుకుని, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు.